తాడుకి ఇవతల

నీళ్ళలో మునిగిపోయేవాడు అరవడు.

ఈ ముక్క నాకు మా నాన్న చెప్పాడు. చేతులు కొట్టుకుంటూ కేకలు పెట్టేవాడి దగ్గర ఇంకా ఊపిరి మిగిలి ఉంటుందట. నోరు నీటి అంచు దగ్గరికి వచ్చి, కళ్ళు తెరుచుకుని, లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు ఆడిస్తూ నిశ్శబ్దంగా ఉన్నాడే, వెళ్ళిపోతున్నవాడు వాడట. "కళ్ళు మోసం చేస్తాయి చేపపిల్లా, చెవులతో కాపలా కాయి" అనేవాడు. "గోల ఉన్నంతసేపు కూర్చో. గోల ఆగిందా, లే."

ఆ వేసవిలో గోల ఒక్కసారే ఆగింది.

మొదలు మాత్రం డాక్టరు గదిలో. బల్లకి అటువైపు డాక్టరు, ఇటువైపు నాన్న, వెనక బెంచీ మీద అమ్మా నేనూ.

"ఇది ఏ నెలండీ?" అని అడిగాడు డాక్టరు.

నాన్న కాసేపు ఆలోచించాడు. "కొత్త బ్యాచ్ మొదలయ్యే నెల" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. డాక్టరు నవ్వలేదు. ఇంకా ఏవేవో అడిగాడు. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నాడు. తర్వాత నాన్నని బయట కూర్చోమని, మా ఇద్దరికీ నెమ్మదిగా చెప్పాడు. జబ్బు పేరు చెప్పాడు. వెనక్కి తిరిగే జబ్బు కాదన్నాడు. బండి నడపనివ్వకండి, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి అన్నాడు.

"మరి నీళ్ళ సంగతి?" అంది అమ్మ.

"ఏ నీళ్ళు?"

"ఆయన ఈత మాస్టారండీ. వేసవి వస్తే కొత్తవాళ్ళకి నేర్పుతారు."

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. "అది ఈ పూట నుంచే ఆపాలి."

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని ఊరంతా కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, గోడకి తగిలించిన సంచీ తీసి కళ్ళద్దాలు, తువ్వాలు, ఈల ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

"డాక్టరు చెప్పింది విన్నావా నాన్నా?"

"విన్నాను. విన్నది గుర్తుండదని కూడా ఆయనే చెప్పాడుగా."

"వేళాకోళం కాదు."

"నాకూ కాదు చేపపిల్లా." సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "పేర్లు పోతున్నాయి. దారులు పోతున్నాయి. మొన్న మన వీధి మలుపులో నిలబడి, ఇల్లు కుడివైపా ఎడమవైపా అని అడుగుదామంటే సిగ్గేసింది. నీళ్ళలో దిగితే మాత్రం అన్నీ ఉన్నాయి. ఇంకా ఉన్నాయి."

అమ్మ జన్మలో నీళ్ళలో దిగిన మనిషి కాదు. పెళ్ళయినప్పటి నుంచీ తడి తువ్వాళ్ళు ఆరేయడమే ఆవిడకి నీళ్ళతో ఉన్న బంధుత్వం. "నీళ్ళలో మొసలి, ఒడ్డెక్కితే పిల్లి" అని నాన్నని ఆటపట్టించేది. ఆ రోజు ఆవిడే అంది, "ఇంట్లో కూర్చోబెడితే ఈయన వానల దాకా కూడా మిగలడే. ఏదో ఒక దారి చూడు."

దారి నాన్నే చెప్పాడు. మా పూల్‌ని అడ్డంగా రెండు భాగాలు చేస్తూ ఒక తాడు ఉంటుంది. ఎరుపూ తెలుపూ బిళ్ళలు గుచ్చిన తాడు. దానికి ఇవతల ఎవరికైనా నేల అందుతుంది. అవతల మా మేనేజరు లాంటి పొడుగాటి మనిషికి కూడా అందదు.

"నేను తాడుకి ఇవతలే ఉంటాను" అన్నాడు. "నువ్వు తాడు దగ్గర నిలబడు. ఈ ఒక్క వేసవి."

నేనూ అదే పూల్‌లో ఆడవాళ్ళకి పొద్దున పూట నేర్పేదాన్ని. సాయంత్రం నాన్న పక్కన నిలబడితే అనుమానించేవాళ్ళు లేరు. మేనేజరు ఒకప్పుడు నాన్న శిష్యుడే. "ఏంటి మాస్టారూ, ఒక బ్యాచ్‌కి ఇద్దరా?" అని అడిగితే, "మొసలి ముసలిదైపోయిందయ్యా, పిల్లకి పని అప్పజెప్తున్నా" అని నవ్వేశాడు. పూల్‌లో అందరూ ఆయన్ని మొసలి మాస్టారనే పిలిచేవాళ్ళు.

*

ఆ ఏడు కొత్తవాళ్ళలో ఇద్దరు నాకు బాగా గుర్తు. ఒకరు బస్సు నడిపి రిటైరైన పెద్దాయన. రెండో రోజుకే అందరికీ డ్రైవరు బాబాయి అయిపోయాడు. ఇంకొకరు టైలరక్క, పొద్దున కొట్టు తీయాలి కనక సాయంత్రం బ్యాచ్‌లోనే చేరింది. ఆవిడ కన్ను కత్తెర కన్నా పదును. ఎవరి తువ్వాలు ఎవరు తీసుకున్నారో, ఎవరు స్నానం చేయకుండా పూల్‌లో దిగారో ఆవిడకి తెలియకుండా ఉండదు.

మొదటి రోజు అందరూ ఒడ్డున వరసగా కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న డ్రైవరు బాబాయే అడిగాడు.

"లోతెంతండీ?"

"నిలబడి చూడండి" అన్నాడు నాన్న. "నేల ఎక్కడికీ పోదు."

ఆ జవాబు నా చిన్నప్పటి నుంచీ అదే. బాబాయి మెట్టు మెట్టు దిగి, పాదాలకి నేల తగలగానే, పోయిన వస్తువు దొరికినట్టు నవ్వాడు. నీళ్ళు ఛాతీ దాకా కూడా రాలేదు.

"ఇంత దానికా నేను రాత్రంతా నిద్రపోనిది!"

"బస్సు నడిపినవాడివి, బ్రేకు ఎక్కడుందో తెలిస్తే భయం ఉండదని నీకు నేను చెప్పాలా?" అన్నాడు నాన్న. "ఇక్కడ బ్రేకు నేలే. ముందు ఆగడం నేర్పుతాను. వెళ్ళడం తర్వాత."

ఆయన పద్ధతే అది. మిగతా మాస్టార్లు కాళ్ళు కొట్టడంతో మొదలుపెడతారు. నాన్న నిలబడటంతో మొదలుపెట్టేవాడు. ముందు ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి బుడగలుగా వదలాలి. తర్వాత గోడ అంచు రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళు చాపాలి. ఆయన "వదులు" అనగానే గోడ వదిలేసి, బోర్లా, ఆకులా తేలాలి. ఊపిరి అయిపోతుందనగా మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, చేతులతో నీళ్ళని కిందికి నొక్కి, కాళ్ళు దించాలి. నేల తగులుతుంది. తల ఎత్తాలి.

"నేను చెప్పేదాకా గోడ వదలకూడదు. చెప్పాక పట్టుకోకూడదు. ఆ రెండింటి మధ్య ఆలోచించే పని నాది. మీరు ఆలోచించారో, మునిగారే!"

"మా ఆయనకి కూడా ఈ పాఠం చెప్పండి మాస్టారూ" అంది టైలరక్క. పూల్ అంతా నవ్వింది.

ఆ వారంలోనే "వదులు" అన్న మాటకి వాళ్ళ చేతులు వాటంతట అవే విడిపోవడం నేర్చుకున్నాయి. విడిపోగానే ఒక దగ్గు, ఒక తుమ్ము, బాబాయి "అమ్మో", టైలరక్క కిలకిల. అదే మా సాయంత్రపు గోల. నేను తాడు పట్టుకుని నిలబడి ఆ గోల వినేదాన్ని.

*

నాన్న ఒకే పాఠం రెండు రోజులు చెప్పాడు. మూడో రోజు కూడా బుడగలతోనే మొదలుపెట్టాడు.

"పునాది గట్టిగా వేస్తున్నారు" అన్నాడు డ్రైవరు బాబాయి నాతో, మెచ్చుకోలుగా. "ఈ రోజుల్లో ఇంత ఓపిక ఎవరికుందమ్మా."

నేను తలాడించాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో ఉండేది. రోజూ ఒకటే ప్రశ్న, పెదాలు కదిలీ కదలకుండా: "ఎలా ఉన్నాడు?" నేను "బాగున్నాడమ్మా" అనేదాన్ని. వేసవి మొదట్లో అది నిజమే. తర్వాత సగం నిజం. తర్వాత ఆవిడ నా జవాబు కోసం ఆగడం మానేసి, నా ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం బ్యాచ్ వెళ్ళిపోయాక నాన్న కాసేపు ఈదుతానన్నాడు. ఆయన ఈదుతుంటే నీళ్ళు చిందేవి కావు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చినట్టుండేది. ఆ రోజు కూడా అలాగే వెళ్ళాడు. తాడు దాకా వెళ్ళి ఆగిపోయాడు. తాడుని చంకలో బిగించుకుని వేలాడుతున్నాడు.

నేను ఈదుకుంటూ వెళ్ళాను. "అలసటా నాన్నా?"

"కాదు. ఎటు వెళ్తున్నానో ఆలోచిస్తున్నా."

"ఒడ్డుకి."

"ఏ ఒడ్డుకి?"

చూపించాను. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. ఎరుపు బిళ్ళ ఒకటి వేళ్ళతో తిప్పుతూ, "ఈ తాడు లేకపోతే నీళ్ళన్నీ ఒకటే చేపపిల్లా" అన్నాడు.

ఇంట్లో అమ్మకి ఆ మాట చెప్పాను. అమ్మ తువ్వాలు పిండుతూ, "ఇంకెంతలే, వేసవి అయిపోవచ్చింది" అంది. ఆ మాట ధైర్యానికో, దిగులుకో ఆవిడకే తెలియాలి.

*

ఆ రోజు వెళ్ళేసరికి తాడు లేదు.

బిళ్ళలు పగిలి అంచులు గీసుకుపోతున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారట. కొత్తవి గుచ్చడానికి మధ్యాహ్నం విప్పించాడు మేనేజరు. "రేపటికల్లా కట్టించేస్తా. ఒక్క పూటేగా" అన్నాడు. తాడు లేని పూల్ ఈ చివరా ఆ చివరా ఒకేలా ఉంది. రెండు వైపులా మెట్లు, రెండు వైపులా నీలం పలకలు. గోడ మీద ఎర్ర అంకెలున్నాయి, నిజమే. మాస్టారు ముందు నడుస్తుంటే గోడ మీది అంకెలు చూసేదెవరు?

"నాన్నా, ఇవాళ ఎవర్నీ నీళ్ళలో దింపొద్దు" అన్నాను. "ఒడ్డున కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పు. సరేనా?"

"సరే" అన్నాడు. నిజంగానే కూర్చోబెట్టాడు. మునిగేవాడి కోసం ముందు నువ్వు దూకకూడదు, గడ అందించాలి, గడ లేకపోతే తువ్వాలైనా విసరాలి, అదీ లేకపోతే కేకలు వేసి మనుషుల్ని పిలవాలి... ఎప్పటి గొంతే. తడబాటు లేదు.

అంతలో బట్టలు మార్చుకునే గదిలో దబ్బుమని చప్పుడు. టైలరక్క తడి పలక మీద కాలు జారి పడింది. గడ్డం చీరుకుపోయి రక్తం ధార కట్టింది. నేను దూది పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళాను.

"కుట్లు పడతాయా?" అంది.

"పడతాయేమో అక్కా."

"దారం నేనే తెచ్చుకుంటా. వాళ్ళ దారం మీద నాకు నమ్మకం లేదు."

నవ్వుతూ దూది అదిమి పట్టాను. బయట నాన్న గొంతు వినిపిస్తూనే ఉంది. గొంతు కొంచెం దూరమైనట్టు అనిపించింది. తలుపు సందులోంచి గాలి అటూ ఇటూ తిరుగుతుంది కదా అనుకున్నాను.

"ఊపిరి తీసుకో... ముఖం నీళ్ళలో... వదులు!"

తర్వాత ఏమీ లేదు.

దగ్గు లేదు. తుమ్ము లేదు. బాబాయి "అమ్మో" లేదు.

టైలరక్క చేతిలో దూది పెట్టేసి లేచాను. పూల్ ఒడ్డున పరుగెత్తకూడదని రోజూ అందరి మీదా అరిచేదాన్ని. ఆ రోజు పరుగెత్తాను.

అందరూ ఆ చివర ఉన్నారు. లోతు వైపు. మెట్ల మీంచే గోడ అంచు అందుకుని ఒళ్ళు చాపినట్టున్నారు, కాళ్ళు దించి చూసుకున్నవాళ్ళు లేరు. చెప్పినట్టే గోడ వదిలారు, చెప్పినట్టే ఆకుల్లా తేలారు, చెప్పినట్టే మోకాళ్ళు లాక్కుని కాళ్ళు దించారు. కింద నేల లేదు. గోడ చేతికి అందేంత దూరంలో ఉన్నవాళ్ళు కూడా గోడ పట్టుకోలేదు. చెప్పాక పట్టుకోకూడదు కదా. కళ్ళు తెరిచి, నోళ్ళు నీటి అంచున పెట్టి, లేని నిచ్చెన ఎక్కుతున్నారు.

గడ తీసి అందించాను. "పట్టుకోండి! గోడ పట్టుకోండి!" నా అరుపుకి మేనేజరు ఆఫీసులోంచి వచ్చి, బూట్లతోనే పొట్ట మీద పడుకుని చేతికందినవాళ్ళని లాగాడు. ఒక్కొక్కరే గోడకి అతుక్కుని దగ్గడం మొదలుపెట్టారు. ఆ దగ్గు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. కానీ అందులో ఒక దగ్గు తక్కువైంది.

డ్రైవరు బాబాయి బ్యాచ్‌లో అందరికన్నా బాగా తేలేవాడు. అందుకే అందరికన్నా దూరం పోయాడు. నీలం పలకల మీద, అడుగున, నిద్రపోతున్నట్టు కనిపించాడు.

దూకబోయే ముందు నాన్నని చూశాను. ఒడ్డు అంచున ఉన్నాడు. మోకాళ్ళు వంగి ఉన్నాయి, చేతులు ముందుకు చాచి ఉన్నాయి. వేలసార్లు దూకిన మనిషి. ఒళ్ళు ముందుకు వాలింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డవాడిలా నీళ్ళని చూస్తున్నాడు.

నేను దూకాను.

బాబాయిని నేనూ మేనేజరూ కలిసి ఒడ్డుకి చేర్చాం. ఊపిరి ఊదాను. ఛాతీ నొక్కాను. ఎంతసేపో తెలియదు. చివరికి ఆయన పక్కకి తిరిగి నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి, తప్పు చేసిన పిల్లాడిలా, "మాస్టారు వదలమన్నారమ్మా... వదిలాను" అన్నాడు.

అప్పుడు నాన్న దగ్గరికి వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. ఆయనకి నిజంగా కోపం రావడం నేను చాలా తక్కువ చూశాను.

"కొత్తవాళ్ళని లోతు వైపు దింపిందెవరు?" అన్నాడు. "ఎవరు? బుద్ధుందా అసలు?"

 గోడని పట్టుకున్నవాళ్ళు ఆయన ముఖం వైపే చూశారు. గడ్డానికి దూది అదుముకుని వచ్చిన టైలరక్క గుమ్మంలోనే ఆగింది. మేనేజరు నా వైపు చూశాడు.

నేను నాన్న మెడలోంచి ఈల తీసేశాను. ఆయన తల వంచి తీయనిచ్చాడు.

*

"నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు మేనేజరు. ఆఫీసులో ఇద్దరమే ఉన్నాం. అతని బూట్లలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"తెలుసు."

"నాకొక్క మాట చెప్పుంటే, ఆ తాడు విప్పించేవాడినా?"

 మేనేజరు ముఖం తుడుచుకున్నాడు. "నాకు ఈత నేర్పింది ఆయన. అందుకే గట్టిగా అరవలేకపోతున్నా. రేపట్నుంచి మీరిద్దరూ రావద్దు."

ఆసుపత్రిలో బాబాయి గుండెల్లో నెమ్ము చేరింది. చూద్దామని వెళితే ఆయన భార్య వార్డు తలుపు దగ్గరే ఆపింది. "మీ నాన్నగారి మీద మాకు కోపం లేదమ్మా" అంది. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. "కానీ నువ్వు మళ్ళీ రాకు. మీ మాట ఎత్తితేనే ఆయనకి ఊపిరి ఆడటం లేదు." తర్వాత ఇంటికి వెళ్ళాడని విన్నాను. బకెట్ నీళ్ళు చూసినా ఒంటి మీద పోసుకోలేకపోతున్నాడని, తడిగుడ్డతో తుడుస్తున్నారని కూడా విన్నాను.

నాన్న రోజూ సాయంత్రం లేచేవాడు. "టైమైంది, నా సంచీ ఏది?"

"ఇవాళ సెలవు" అనేది అమ్మ. ఒకరోజు, "ఇవాళ నీళ్ళు శుభ్రం చేస్తున్నారట." ఒకరోజు, "మేనేజరింట్లో ఏదో శుభకార్యమట."

"అలాగా" అని కూర్చునేవాడు. అమ్మ మాత్రం సంచీలో కళ్ళద్దాలూ తువ్వాలూ సర్దుతూనే ఉండేది. వాడని తువ్వాలు ఉతికి, ఆరేసి, మడత పెట్టి, మళ్ళీ సర్దేది. ఒక సాయంత్రం ఆయన లేవలేదు. సంచీ అడగలేదు. చీకటి పడేదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. డాక్టరు గదిలో ఏడవని మనిషి, పూల్ సంగతి విన్నప్పుడు ఏడవని మనిషి, సంచీ అడగలేదని ఏడ్చింది.

*

మేఘాలు పట్టాయి. మేనేజరు ఫోను చేశాడు. "సీజను అయిపోయింది. రేపు పూల్ ఖాళీ చేస్తున్నాం. పొద్దున్నే ఒకసారి తీసుకురా. ఎవరూ ఉండరు." పెట్టేసే ముందు, "తాడు కట్టే ఉంది" అన్నాడు.

అమ్మ కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో పూల్ చూడటం ఆవిడకి అదే మొదటిసారి. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని, నీళ్ళకి ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా కూర్చుంది.

తాడుకి కొత్త బిళ్ళలు మెరుస్తున్నాయి. నేను ముందు దిగాను. నాన్న మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. చల్లదనానికి ఒళ్ళు జలదరించింది. నీళ్ళు తాకితే ఆయన జలదరించడం నేను ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. నన్ను పరీక్షగా చూశాడు. కొత్తమనిషి ఎదుట ఉండే మర్యాద ఆ ముఖంలో ఉంది.

"మీరేనా నేర్పేది?" అన్నాడు.

"నేనే."

"లోతెంతండీ?"

మెట్టు దగ్గరికి జరిగాను. "నిలబడి చూడండి. నేల ఎక్కడికీ పోదు."

మెట్టు మెట్టు దిగాడు. పాదాలు నేలని తాకాయి. నేను ఆ నవ్వు కోసం చూశాను, అందరికీ వచ్చే నవ్వు కోసం. రాలేదు. నేల తగిలినా నమ్మకం కుదరలేదు ఆయనకి. చేతులు గోడ అంచుని వెతుక్కుని బిగిసిపోయాయి.

"ఇది వదలాలా?" అన్నాడు.

"నేను చెప్పేదాకా వద్దు."

తల ఊపాడు. బుద్ధిమంతుడైన శిష్యుడు.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఎలా ఉన్నాడే?"

"పట్టుకున్నాడమ్మా."

పైన మబ్బు కమ్మింది. పూల్‌లో ఎక్కడా చప్పుడు లేదు. నాన్న గోడ పట్టుకుని, ఆ మాట ఎప్పుడు వస్తుందా అని నా నోటి వైపే చూస్తున్నాడు. ఆయన వేళ్ళ కొసలు తడికి ముడతలు పడేదాకా అలాగే నిలబడ్డాం. మేనేజరు వచ్చి దూరంగా నిలబడి గడియారం చూసుకున్నాడు.

నేను ఆ మాట చెప్పలేదు. ఆయన చేతుల మీద నా చేతులు వేసి, ఒక్కొక్క వేలూ గోడ నుంచి విడదీసి, మెట్ల వైపు నడిపించుకొచ్చాను. అమ్మ తువ్వాలు విప్పి నీళ్ళ అంచు దాకా వచ్చింది.